మరో ఇరుసు తగిలిస్తే మలుపు తిరగదు

ముందుగా ఒక మనవి. ఈ టపా లారీ గేముల గురించి. "లారీ గేములా? పిల్లలాటలు!" అని మూతి విరిచేవాళ్ళు కూడా ఓపిక పట్టి చివరిదాకా చదవండి. ఆఖర్న మీ బైకు గురించి ఒక ముక్క ఉంది.

మా టీంలో మేం నలుగురం లారీ డ్రైవర్లం. పగలంతా టికెట్లు మోస్తాం, రాత్రి పదిన్నరకి ఆన్‌సైట్ వాళ్ళతో కాల్ ముగిశాక పాలెట్లు మోస్తాం. ఇద్దరు యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 భక్తులు, ఇద్దరం అమెరికన్ ట్రక్ సిమ్యులేటర్ భక్తులం. మొదటిది 2012లో వచ్చింది, రెండోది 2016లో. రెండూ ప్రాగ్ నగరంలో ఉన్న ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ వాళ్ళవే. 2018లో సొంతంగా ట్రైలర్ కొనుక్కునే సదుపాయం ఇచ్చిన దగ్గర్నుంచీ మా వాళ్ళకి పట్టపగ్గాల్లేవు. ఏ ఛాసిస్, ఎన్ని యాక్సిల్స్, సింగిలా డబులా, లంచ్ టేబుల్ దగ్గర అదే గోల.

అలాంటి ఒక లంచ్‌లో మా సీనియర్ మిత్రుడొకాయన కొత్తగా చేరిన కుర్రాడికి చేసిన జ్ఞానబోధ ఇది: "ట్రైలర్ ఊగుతోందా? యాక్సిల్స్ ఎక్కువున్నది కొను. మలుపులో ఇబ్బందా? ఇంకా ఎక్కువున్నది కొను. అప్పటికీ పడిపోతోందా? సెట్టింగుల్లోకెళ్ళి ట్రైలర్ స్టెబిలిటీ స్లైడర్ కుడి చివరికి లాగిపారెయ్."

ఇది ఆయన ఒక్కడి మాట కాదు. ఈ గేములాడే పదిమందిని కదిపితే ఎనిమిదిమంది ఇదే చెప్తారు. సర్వర్ నెమ్మదిస్తే ఇంకో సర్వర్ పెట్టు, అప్పటికీ ఏడిస్తే అలర్ట్ ఆపెయ్ అన్నట్టుంది వ్యవహారం. ప్రొడక్షన్లో ఈ వైద్యం ఎలా ముగుస్తుందో మనందరికీ తెలుసు. లారీలో కూడా అలాగే ముగుస్తుంది. బండి నడకని తేల్చేది ఇరుసులు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎక్కడున్నాయన్నది. ఈ రెండిటికీ తేడా తెలియకుండా "హ్యాండ్లింగ్" అనే ఒక్క మాటతో అన్నిటినీ కలిపి కొట్టడమే నా కంప్లైంటు. విడదీసి చూద్దాం.

మొదటి భ్రమ: ఎక్కువ ఇరుసులంటే ఎక్కువ స్థిరత్వం

ఇరుసులు పెంచేది ప్రధానంగా బరువు కోసం. రోడ్డుకీ వంతెనకీ ఒక్కచోట భారం పడకుండా పంచడం కోసం. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం ఇంటర్‌స్టేట్ రోడ్ల మీద మొత్తం బరువు 80,000 పౌన్లు, సింగిల్ యాక్సిల్ మీద 20,000, టాండెమ్ మీద 34,000 దాటకూడదు. దానికి తోడు 1970ల నుంచీ బ్రిడ్జి ఫార్ములా ఒకటుంది. ఆ లెక్క ప్రకారం అయిదు ఇరుసుల బండి పూర్తి 80,000 మొయ్యాలంటే మొదటి ఇరుసుకీ చివరి ఇరుసుకీ మధ్య కనీసం 51 అడుగుల దూరం ఉండాలి. దగ్గరదగ్గరగా ఉంటే అవే అయిదు ఇరుసులకి అనుమతి తగ్గిపోతుంది. అంటే గేములో మనం ముచ్చటపడే ఆ పొడుగాటి షేపు స్టైలు కోసం వచ్చింది కాదు, చాలావరకు వంతెన కోసం వచ్చింది.

మిషిగన్ రాష్ట్రంలో 11 ఇరుసుల బండ్లకి 1,64,000 పౌన్ల దాకా అనుమతి ఉంది. అవి బాగా స్థిరంగా ఉంటాయని కాదు, బాగా బరువు మోస్తాయని. మన దగ్గరా లెక్క బరువుదే. 2018 జులైలో కేంద్రం నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్ పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5కి, టాండెమ్ పరిమితిని 19 నుంచి 21కి పెంచింది. బండి అదే, ఇరుసులవే, మోసే బరువు పెరిగింది.

మరి పడిపోకుండా ఆపేది ఏంటి? చక్రాల మధ్య వెడల్పు, సరుకు గరిమనాభి ఎత్తు. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం మెకానిక్స్ ఇది, కాపీ కొట్టి పాసైనా గుర్తుండాలి :-) వెడల్పు చట్టం ప్రకారం అందరికీ దాదాపు ఒకటే. ఎత్తు సరుకుని బట్టి మారుతుంది. నిండా లోడైన సెమీ ట్రైలర్ సుమారు 0.3 నుంచి 0.4 జి పక్కబలం దగ్గర చక్రాలు లేపేస్తుంది. కారు అయితే పడకముందే టైరు జారుతుంది. 0.35 జి అనుకుని లెక్క కడితే 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకి 47 కిలోమీటర్ల దగ్గర మీ ట్రైలర్ పని ముగుస్తుంది. ఇంకో ఇరుసు పెడితే దాని స్ప్రింగుల వల్ల ఒరగడం కొంచెం తగ్గుతుందేమో గానీ సరుకు కిందకి దిగదు, బండి వెడల్పూ పెరగదు. కావాల్సింది ఇరుసు కాదు, బ్రేకు. మలుపు ముందు వెయ్యాల్సిన బ్రేకు.

రెండో భ్రమ: వెనక చక్రాలు ముందు చక్రాల దారిలోనే వస్తాయి

ఇక్కడే అసలు కథ ఉంది. ట్రైలర్‌ని లారీకి తగిలించే పిన్నుని కింగ్‌పిన్ అంటారు. ఆ కింగ్‌పిన్ నుంచి వెనక ఇరుసుల గుంపు మధ్యబిందువు దాకా ఉన్న దూరమే ట్రైలర్ అసలు పొడుగు. డబ్బా ఎంత పొడుగుందన్నది కాదు, ఈ దూరం ఎంతన్నదే మలుపులో పనికొచ్చే లెక్క.

అంకెలు సులువుగా రావడానికి ఒక ఉదాహరణ. కింగ్‌పిన్ 15 మీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తంలో తిరుగుతోంది అనుకుందాం. ట్రైలర్ ఇరుసులు 12 మీటర్ల వెనక ఉంటే, పైథాగరస్ పుణ్యమా అని, వెనక చక్రాలు 9 మీటర్ల వృత్తంలో తిరుగుతాయి. అంటే 6 మీటర్లు లోపలికి కోసుకుపోతాయి. అవే ఇరుసులు 9 మీటర్ల వెనక ఉంటే? వెనక చక్రాలది 12 మీటర్ల వృత్తం, లోపలికి జరిగేది 3 మీటర్లే. ఇరుసుల సంఖ్య మారలేదు, బరువు మారలేదు. చోటు మారితే తేడా సగానికి సగం! (ఇది బండి వృత్తంలో తిరుగుతూనే ఉంటే వచ్చే లెక్క. మామూలు కూడలిలో తొంభై డిగ్రీలే తిరుగుతాం కాబట్టి అంత రాదు, కానీ వరస ఇదే.)

యూరప్ ట్రైలర్లకి ఈ దూరం 7.7 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అక్కడి 96/53 డైరెక్టివ్ ప్రకారం బండి మొత్తం, బయట 12.5 మీటర్లు లోపల 5.3 మీటర్లు వ్యాసార్థం ఉన్న రెండు వృత్తాల మధ్య తిరగగలగాలి. పాత ఊళ్ళు, ఇరుకు సందులు, రౌండెబౌట్లు. అందుకని 13.6 మీటర్ల డబ్బాకి మూడు ఇరుసులూ కాస్త ముందుకి జరిగి ఉంటాయి. అమెరికా 53 అడుగుల ట్రైలర్‌కి ఇరుసులు జరిపే సౌకర్యం ఉంటుంది. వెనక్కి జరిపితే హైవే మీద హాయి, ఊళ్ళోకొస్తే తిప్పలు. అందుకే కాలిఫోర్నియాలో కింగ్‌పిన్ నుంచి చివరి ఇరుసుకి 40 అడుగులు మించకూడదని గీత గీశారు. వంతెన ఇరుసుని వెనక్కి లాగుతుంది, వీధి ముందుకి లాగుతుంది. ట్రైలర్ డిజైనంతా ఈ తాడులాటే.

అలా అని ఎప్పుడూ ముందుకే జరపడమూ తెలివి కాదు. ఇరుసు ముందుకొచ్చేకొద్దీ దాని వెనక వేలాడే తోక పెరుగుతుంది. మీరు ఎడమకి తిరిగితే తోక కుడికి విసురుతుంది. పక్క లేన్లో ఉన్నవాడి అద్దం గోవిందా.

మూడో సంగతి: బరువు ఎవడి మీద పడుతోంది

ట్రైలర్‌ని రెండు చోట్ల ఆనించిన పలక అనుకోండి. ఒక ఆనిక కింగ్‌పిన్, రెండోది వెనక ఇరుసులు. 20 టన్నుల సరుకు, దాని మధ్యబిందువు కింగ్‌పిన్‌కి 6 మీటర్ల వెనక ఉంది. ఇరుసులు 8 మీటర్ల దగ్గర ఉంటే వాటి మీద 15 టన్నులు, లారీ మీద 5. ఇరుసులు 10 మీటర్లకి జరిపితే వాటి మీద 12, లారీ మీద 8. అంటే లారీని ముందుకి తోసే చక్రాల మీద 3 టన్నులు కొత్తగా వచ్చి కూర్చున్నాయి. వానలో ఎత్తు ఎక్కేటప్పుడు చక్రాలు ఉత్తినే తిరుగుతున్నాయని ఇంజన్ మార్చేవాళ్ళని చూశాను. ఇంజన్‌కి ఏ రోగమూ లేదు నాయనా, దాని చక్రాల మీద బరువే లేదు.

లిఫ్ట్ యాక్సిల్ కూడా ఇదే లెక్క. మూడు ఇరుసులు 1.31 మీటర్ల ఎడంతో ఉన్నప్పుడు మొదటిదాన్ని లేపితే గుంపు మధ్యబిందువు 65 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. లారీ మీద బరువు పెరిగి పట్టు వస్తుంది, మలుపులో కోత కూడా పెరుగుతుంది. చివరిదాన్ని లేపితే అంతే దూరం ముందుకొస్తుంది, మలుపు సులువవుతుంది. ఒకే మీట, ఏ ఇరుసుదన్నదాన్ని బట్టి ఫలితం తిరగబడుతుంది. మా వాళ్ళు మాత్రం "ఖాళీగా ఉంటే లేపు, లోడుంటే దించు" దగ్గరే ఆగిపోయారు.

ఇరుసులు పెరిగితే వచ్చే అసలు ఖర్చు ఇంకోటుంది. మలుపులో మూడు ఇరుసుల్లో ఒక్కటే సరైన గీత మీద ఉంటుంది, మిగతా రెండూ పక్కకి ఈడ్చుకుపోతాయి. ఆ ఈడ్పు ట్రైలర్‌ని తిరగనివ్వదు, తిన్నగా పొమ్మంటుంది. ఆ తోపు కింగ్‌పిన్ ద్వారా లారీకి తగులుతుంది. అమెరికా ఫ్లాట్‌బెడ్లకి స్ప్రెడ్ యాక్సిల్ చూసే ఉంటారు, రెండు ఇరుసుల మధ్య పదడుగుల పైన ఎడం. అలా విడదీస్తే రెండు సింగిల్స్ కింద లెక్కేసి 40,000 పౌన్లు మొయ్యనిస్తారు. బరువుకి వరం, చిన్న మలుపులో టైర్లకి నరకం. అందుకే కొంతమంది డ్రైవర్లు ఇరుకు మలుపులో ఒక ఇరుసు గాలి వదిలేసి తిప్పుతారు. ఎక్కువ ఇరుసులు మలుపుకి మంచివైతే వాళ్ళకి ఈ పాట్లెందుకు?

నాలుగోది: డబుల్స్, ట్రిపుల్స్

రెండు మూడు ట్రైలర్లు తగిలించుకుని లేన్ మార్చారా, ముందు లారీ ఊగినదానికంటే చివరి ట్రైలర్ ఎక్కువ ఊగుతుంది. కొరడా పిడి కదిపితే కొస విసిరినట్టు. మిషిగన్ యూనివర్సిటీ రవాణా పరిశోధకులు 1980ల్లోనే దీన్ని కొలిచి పెట్టారు. డబుల్ కంటే ట్రిపుల్‌లో ఇంకా ఎక్కువ. కాలిఫోర్నియాలో ట్రిపుల్స్‌ని రానివ్వరు, పక్కనున్న నెవాడాలో తిరగనిస్తారు. ఇక్కడ లెక్కకొచ్చేవి ప్రతి ట్రైలర్ పొడుగు, మధ్యలో ఎన్ని కీళ్ళున్నాయన్నది. పొట్టి ట్రైలర్లు ఎక్కువ ఊగుతాయి. కెనడా వాళ్ళు 1986లో పెద్ద అధ్యయనం చేసి బీ-ట్రెయిన్ వైపు మొగ్గారు. అందులో రెండో ట్రైలర్ విడి డాలీ మీద కాకుండా నేరుగా మొదటి ట్రైలర్ వెనక భాగం మీదే కూర్చుంటుంది. ఒక కీలు తగ్గింది, ఊపు తగ్గింది. ఇరుసు పెట్టి కాదు, కీలు తీసేసి సాధించారు. రీఫ్యాక్టరింగ్ అంటే ఇదీ!

ఇక ఆ స్లైడర్ సంగతి

స్లైడర్ పెట్టడం గేము చేసినవాళ్ళ తప్పని నేను అనను. కీబోర్డు మీద ఆడేవాడికి అది లేకపోతే ప్రతి రౌండెబౌట్ దగ్గరా శవయాత్రే. సరదాకి ఆడుకునేవాడు ఎక్కడైనా పెట్టుకోనీ. నా గొడవల్లా దాన్ని కుడి చివర పెట్టుకుని, ఆపైన "నా ఎనిమిదేళ్ళ అనుభవంతో చెప్తున్నా" అంటూ ఇరుసుల మీద తీర్పులిచ్చేవాళ్ళతోనే. టెస్టులన్నీ స్కిప్ చేసి బిల్డ్ గ్రీన్ వచ్చిందని సంబరపడినట్టు. ట్రైలర్ పడకపోవడం మీ ఛాసిస్ గొప్ప కాదు స్వామీ, స్లైడర్ గొప్ప.

"గేమే కదా, ఇంత అవసరమా?" అంటారు. ఈ ప్రశ్న నేనూ వేసుకున్నాను. దానికి జవాబు మా మావయ్య.

మా మావయ్య విజయవాడ ఆటోనగర్ మనిషి. ఇరవై ఆరేళ్ళు లారీలు, అందులో చివరి పదేళ్ళు ట్రైలర్ నడిపాడు. కంటి పరీక్షకని హైదరాబాద్ వచ్చి నా గదిలో రెండు రోజులున్నాడు. నేను 53 అడుగుల ట్రైలర్‌తో కుడికి తిరగబోయి సిగ్నల్ స్తంభాన్ని గుద్దడం చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"వెనక చక్రాలు ఎక్కడున్నాయి అల్లుడూ?"

"వెనకే ఉన్నాయి మావయ్యా."

"వెనకంటే? తోకలోనా, కడుపు కిందా?"

నేను చూసుకోలేదు. నాలుగొందల గంటలు ఆడాను, ఒక్కసారి కూడా చూసుకోలేదు. అప్పటిదాకా నేనూ ఇరుసులు లెక్కపెట్టే బాపతే. ఈ టపాలో పైన రాసిందంతా ఆ ప్రశ్న తర్వాత నేర్చుకున్నదే.

ఆ రాత్రే ఆయనకి మా ఆఫీసు సంగతి చెప్పాను. కిందటేడు మా ఫ్లోర్‌లో పనిచేసే ఒకతను బైకు మీద వస్తుంటే కూడలి దగ్గర ఇనుప చువ్వల ట్రైలర్ ఒకటి కుడికి జరిగింది. దారిచ్చాడనుకుని ఇతను ఎడమ పక్క ఖాళీలోకి దూరాడు. ట్రైలర్ ఎడమకి తిరిగింది. ప్రాణం దక్కింది గానీ కాలికి రెండు ఆపరేషన్లయ్యాయి, ఇప్పటికీ కుంటుతాడు. ఆ వారం లంచ్ టేబుల్ దగ్గర మేమంతా ఏకగ్రీవంగా తేల్చిన తీర్పు: "డ్రైవర్ తాగుంటాడు." తీర్పిచ్చినవాళ్ళలో స్లైడర్ మహాశయుడున్నాడు. నేనూ ఉన్నాను.

మావయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నేను కుడికి కోసినప్పుడల్లా ఎడమ పక్కకి ఎవడో ఒకడు దూరతాడు. వాడికి అది దారిలా కనపడుద్ది. అది నా వెనక చక్రాలు వచ్చే చోటు. ముందుది నేను తోలతాను అల్లుడూ, వెనకది దాని లెక్క ప్రకారం అది వస్తది. నేను ఆపలేను."

ఆ డ్రైవర్ తాగాడో లేదో నాకు తెలీదు, తాగాడని మాకెవరికీ తెలీదు కూడా. పొడుగు ట్రైలర్ ఎడమ సందులోకి తిరగాలంటే ముందు కుడికి జరగక తప్పదన్నది మాత్రం పదో తరగతి లెక్క. మేం అయిదుగురం బీటెక్కులం, ట్రైలర్లు రోజూ "నడిపేవాళ్ళం", మాకు ఆ లెక్క తట్టలేదు. ఎందుకంటే మేం ఆడే ఆటలో వెనక చక్రాలు ఏమయ్యాయో ఎప్పుడూ చూడలేదు. స్తంభానికి తగిలితే జరిమానా కట్టి రీలోడ్ కొట్టాం.

అందుకని నా డిమాండ్లు మూడే. ఒకటి, ఒక్క వారం స్లైడర్ ఎడమకి లాగి ఆడండి. రెండు, అదే సరుకు, అదే కూడలి, ఇరుసులు వేరే చోట ఉన్న రెండు ట్రైలర్లతో తిరగండి. బయటి కెమెరా పెట్టి లోపలి వెనక చక్రం ఎక్కడ పోతోందో చూడండి. మూడు, ఇంకోసారి ఎవరైనా "ఎన్ని యాక్సిల్స్ కొనాలి?" అని అడిగితే నోటికొచ్చిన సంఖ్య చెప్పకండి. "ఎంత బరువు, ఏ ఊరు, ఎలాంటి మలుపులు?" అని ఎదురు ప్రశ్న వెయ్యండి.

ఇక మీ బైకు ముక్క. రేపు పొద్దున ఆఫీసుకెళ్ళేటప్పుడు కూడలి దగ్గర ట్రైలర్ కుడికి జరిగి మీ ఎడమ పక్క ఖాళీ కనిపిస్తే అది దారి కాదు. వెనకే ఆగండి. స్టాండప్ మీటింగుకి రెండు నిమిషాలు ఆలస్యమైతే కొంపలేం మునగవు.

స్లైడర్ మహాశయుడికి ఈ టపా లింకు పంపిస్తున్నాను. రాళ్ళు వెయ్యదల్చుకున్నవాళ్ళు నిరభ్యంతరంగా వెయ్యండి, సరుకు బరువు, ఇరుసు చోటు చెప్పి మరీ వెయ్యండి :-)